బాణం గుర్తు చూపిన ఇల్లు

ఆ శనివారం ఉదయం ఆరింటికి సూపరింటెండెంటుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా బోర్డులు తగిలించడం, తొమ్మిదింటికల్లా స్నానం ముగించడం, పన్నెండింటికి అక్కగారు స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి దిగితే ఎదురువెళ్ళి సంచీ అందుకోవడం. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదనుకున్నారాయన. పెద్దాస్పత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషి అలా అనుకోకూడదు.

ఇల్లు కొని పద్దెనిమిది రోజులైంది. సముద్రానికి రెండు వీధులు ఇవతల ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు వరండా, వెనక పెరట్లో విడిగా కట్టిన స్నానాలగది, దాని పక్కనే మరుగుదొడ్డి. ఉప్పుగాలికి కిటికీలు బిగుసుకుపోయి, మూసినవి తెరుచుకోవు, తెరిచినవి మూసుకోవు. అయినా సెలవులకి అందరూ వచ్చి ఉండేందుకు ఇల్లంటూ ఒకటి అమరిందని సూపరింటెండెంటుగారు పొంగిపోతున్నారు. అందులో సగం వాటా ఆయనది, సగం వాటా అక్కగారిది. అక్కగారు మాత్రం ఇంతవరకు ఇల్లు చూడలేదు.

అక్కగారు బస్‌స్టాండులో ముప్ఫై ఒక్క ఏళ్ళు కంట్రోలరుగా చేశారు. మైకు పాడైన రోజున కూడా ఆవిడ గొంతుకి బస్సులు ఆగేవని చెప్పుకుంటారు. ఏడాదిన్నర క్రితం బావగారు పోయారు. అప్పటినుంచి ఆ గొంతు ఫోనులో "ఊఁ", "సరే" అనే రెండు ముక్కలకి వచ్చి ఆగిపోయింది. ఫ్లాటు గుమ్మం దాటడం మానేశారు. తమ్ముడు ఈ ఇల్లు కొన్నదే అక్కని ఆ గుమ్మం దాటించడానికి. కొనకముందునుంచీ ఆరు నెలలు బతిమాలితే చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు.

"నాకు జనం పడటం లేదురా. ఎవ్వరూ లేకపోతేనే వస్తా. వచ్చి చూస్తా. మనసు కుదరకపోతే సాయంత్రం రైలుకి వెళ్ళిపోతా. ఆ తర్వాత నువ్వు ఆ ఇల్లు అమ్మేయాలి. మళ్ళీ నన్ను ఎక్కడికీ రమ్మనకూడదు."

"నువ్వు రా అక్కా. మన ఇంటి మీద ఈగ కూడా వాలదు," అని మాటిచ్చారు తమ్ముడుగారు.

అక్కగారితో ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మధ్య ఎవరినీ ఏదీ అడగరు. గ్లాసు మంచినీళ్ళు కావాలన్నా నోరు తెరవరు, అడిగితే ఎదుటివాళ్ళు జాలిపడతారని. ఈ చిక్కుకి సూపరింటెండెంటుగారి దగ్గర మందు ఉంది. ఆస్పత్రిలో ఆయన అసలు పనే అది. మనిషి నోరు తెరిచేలోగా బోర్డు జవాబు చెప్పాలన్నది ఆయన సిద్ధాంతం. వీలున్నచోటల్లా బోర్డు పెట్టి, వీలులేని చోట బాణం గుర్తు పెట్టి, ఆయన తన గదిలోకి ఒక్క రోగీ దారి అడగడానికి రాకుండా ఇరవై ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చారు.

అందుకని అక్కకోసం సొంత డబ్బుతో తొమ్మిది బోర్డులు రాయించారు. నీలం మీద తెల్లక్షరాలు. "తాగునీరు", "కాళ్ళు ఇక్కడ కడుక్కోండి", "చెప్పులు ఇక్కడ వదలండి", "మరుగుదొడ్డి", "స్నానాలగది", "విశ్రాంతి గది", గేటు మీద "లోపలికి రండి". ఆటో దారి తప్పకుండా బీచిరోడ్డు మలుపులో ఒకటి, సందు మొదట్లో ఒకటి, "ఇటు" అని బాణం గుర్తులు. ఎంతైనా ఆస్పత్రి బోర్డులు రాసిన పెయింటరు కదా, అక్షరాల్లో ఎక్కడా ఆప్యాయత పడకుండా జాగ్రత్తగా రాశాడు. ఇక ఆ బీచి పొడవునా కాళ్ళు కడుక్కోవడానికి ఒక్క కుళాయి కూడా లేదన్న సంగతి ఇల్లు అమ్మినాయన చెప్పలేదు, కొన్నాయన అడగలేదు.

ముందురోజు సాయంత్రం సామాన్లు దించుతున్నప్పుడు మొగుడూ పెళ్ళాల మధ్య చిన్న రగడ జరిగింది. ఇల్లాలు కుట్టుపని చేస్తారు, ఆ ఇంటి పదకొండు కర్టెన్లూ ఆవిడ చేత్తో కుట్టినవే. వాటిని మడత విప్పుతూ, "మావాళ్ళు ఎవరైనా ఒకళ్ళిద్దరు ఇల్లు చూసిపోతామంటే ఏం చెప్పనూ?" అన్నారు.

"మీవాళ్ళు ఒకళ్ళిద్దరంటే పెళ్ళివారి బస్సు," అన్నారాయన.

"మీ ఆస్పత్రివాళ్ళో? టీ తాగి పోతామని వచ్చి రెండుపూటలా తినిపోయినవాళ్ళు!"

మాట పెరిగి, రాత్రి భోజనాల వేళకి ఒక ఒప్పందం కుదిరింది. ఆవిడవైపు వాళ్ళు ఎవరొచ్చినా ఆయన పల్లెత్తు మాట అనకూడదు, ఆయనవైపు వాళ్ళు ఎవరొచ్చినా ఆవిడ అనకూడదు. నవ్వుతూ మర్యాద చేయాలి. ముందు నోరుజారినవాళ్ళు ఏడాదిపాటు రెండోవాళ్ళు చెప్పిందల్లా వినాలి. ఏడాది తలుచుకుని ఇద్దరూ భయపడ్డారు.

ఎనిమిదిన్నరకి గేటు చప్పుడైంది. పొద్దున్నే బీచిలో నడిచే పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చి, చెప్పులు చెప్పుల చోట వదిలి, కాళ్ళు కాళ్ళ చోట కడుక్కుని, తాగునీటి దగ్గర ఒక గ్లాసు తాగి, కర్టెనుకి చేతులు తుడుచుకున్నారు. నిచ్చెన మీదున్న ఇల్లాలికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇంత చనువుగా తిరిగేది ఆస్పత్రివాళ్ళు తప్ప మరొకరు కాదు. ఆవిడ ఒప్పందం గుర్తుతెచ్చుకుని నవ్వారు.

"చాలా మంచిపని చేశారమ్మా," అన్నారాయన. "ఇక్కడ ఇలాంటిది ఒకటి ఉండాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాం."

"అవునండీ, మేమూ ఎన్నాళ్ళనుంచో అనుకుని ఇప్పటికి చేయగలిగాం."

"ఎప్పటిదాకా ఉంటుంది?"

"రేపు సాయంత్రం దాకా ఉంటామండీ."

"రెండు రోజులేనా! సరే, మావాళ్ళందరికీ ఇవాళే చెప్తాను," అని ఆయన హడావిడిగా వెళ్ళిపోయారు. పన్నెండింటికి వదినగారు వస్తుంటే ఈ మనిషి ఎవరెవర్ని పిలిచాడో అని ఆవిడకి ఒళ్ళు మండింది. కానీ ఒప్పందం తలుచుకుని మళ్ళీ కర్టెన్ల పనిలో పడ్డారు.

తొమ్మిదికి కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చింది. ఈసారి వరండాలో ఉన్నది సూపరింటెండెంటుగారు. ఆ అమ్మాయి ఒంటిమీద ఇసుక చూసి ఆయనే స్నానాలగది చూపించి, ఉతికిన తువ్వాలు ఇచ్చారు. ముక్కు చూస్తే ఇల్లాలి పెద్దక్కగారి ముక్కులాగే ఉందనిపించింది.

"ఇదంతా మీరే చూసుకుంటున్నారాండీ?" అన్నాడు పెళ్ళికొడుకు.

"నేనూ, మా ఆవిడా."

"ఇద్దరేనా? ఇంకెవరూ మనుషుల్ని పెట్టలేదా?"

"మా ఆవిడ ఒక్కతే పదిమంది పెట్టు. మీకు తెలియనిదేముంది!"

పెళ్ళికొడుకుకి తెలియని సంగతే అయినా తలూపాడు. పదింటికల్లా పెద్దమనిషి చెప్పినవాళ్ళు ఆరుగురు వచ్చారు. వాళ్ళ వెనక గొడుగుతో ఒక తల్లీ కూతురూ, వాళ్ళ వెనక తడిబట్టలతో నలుగురు. ఇల్లాలు వంటింట్లో టీ పెట్టి, పళ్ళు బిగించి నవ్వుతూ పంచారు. సూపరింటెండెంటుగారు వరండాలో కుర్చీలు సర్దుతూ పళ్ళు బిగించి నవ్వారు. గుమ్మం దగ్గర ఒకరికొకరు ఎదురుపడ్డప్పుడు, "మర్యాదలు బాగా జరుగుతున్నాయా?" అని ఆయన అడిగారు, "మీకేమైనా లోటు కనిపించిందా?" అని ఆవిడ అడిగారు. ఎవరికి వాళ్ళు రెండోవాళ్ళ గుండె ఎంత రాయో అనుకున్నారు.

పదిన్నరకి సందులోకి బస్సు వచ్చింది.

బాణం గుర్తు చూసి తిప్పాడు డ్రైవరు. అందులో ఒక బిస్కెట్ల కంపెనీవాళ్ళు విహారయాత్రకి వచ్చారు, నలభై రెండు మంది, అందరి నెత్తినా ఎర్ర టోపీ. సూపరింటెండెంటుగారు వరండాలోంచి టోపీలు లెక్కపెట్టారు. ఇల్లాలికి ఏడుగురు తోడబుట్టినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, పిల్లల అత్తవారివైపు వాళ్ళు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఎండకి టోపీలు కూడా కలిసికట్టుగా కొనుక్కున్నారంటే ఇది ఎంత ముందునుంచి అనుకున్నదో ఆయనకి అర్థమైంది. వంటింటి కిటికీలోంచి చూసిన ఇల్లాలికీ అర్థమైంది. ఆస్పత్రి మొత్తం సెలవు పెట్టి వచ్చినట్టుంది, ఇవాళ జబ్బుపడ్డవాళ్ళని దేవుడే కాపాడాలి అనుకుని, ఉన్న పాలన్నీ పొయ్యిమీద పెట్టేశారు.

పెరట్లో తోపులాట మొదలైంది. ఇలాంటప్పుడు ఆయన చేయగలిగిన పని ఒక్కటే. సంచీలో ఎప్పుడూ ఉండే ఖాళీ బోర్డు తీసి, "వరుసలో రండి" అని రాసి తగిలించారు. అంతవరకు అనుమానపడి గేటు బయట ఆగినవాళ్ళు కూడా అది చదివి ధైర్యంగా వచ్చి వరుసలో చేరారు. ఇంకో బోర్డు మీద "ఒకరికి ఐదు నిమిషాలే" అని రాశారు. వరుస గేటు దాటింది. బోర్డు పెట్టేకొద్దీ జనం పెరగడం ఆయన ఉద్యోగ జీవితంలో ఇదే మొదటిసారి.

అక్కగారి కోసం కొత్త దుప్పటి పరిచి ఉంచిన మంచం మీద బస్సు డ్రైవరు వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. గది మీద "విశ్రాంతి గది" అని ఉన్నప్పుడు పాపం అతని తప్పేముంది. ఇల్లాలికి దూరపు మేనమామ ఒకాయన ఉన్నాడని, నిద్రపట్టదని ఎప్పుడూ బాధపడతాడని సూపరింటెండెంటుగారు విని ఉన్నారు. ఇక్కడైనా పట్టిందిలే అని ఫ్యాను వేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. అప్పటికి టైము పదకొండూ ముప్పావు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్క వస్తుంది, ఈ సంత చూస్తుంది, అదే ఆటోలో వెనక్కి తిరుగుతుంది. ఇక ఆ ఫ్లాటు తలుపు ఎప్పటికీ తెరుచుకోదు.

సరిగ్గా అప్పుడే ఎర్ర టోపీలవాళ్ళకి పెద్దగా వచ్చినావిడ వంటింట్లో తల దూర్చారు.

"ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుందమ్మా?"

"ఏ పుస్తకం?" అన్నారు ఇల్లాలు, గరిటె పట్టుకుని.

"ప్రభుత్వంవాళ్ళు ఇంత మంచి సదుపాయం పెట్టి, సబ్బు పెట్టకపోతే ఎలా చెప్పండి? టీ మాత్రం బాగుంది. అదీ రాస్తాను."

గరిటె గిన్నెలో పడింది. ఇల్లాలు ఒక్క అంగలో పెరట్లోకి వెళ్ళి, భర్తని జబ్బ పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి లాక్కుపోయారు.

"ఒప్పందం గంగలో కలిసినా సరే, అడుగుతున్నా. ఈ జనం మీ ఆస్పత్రివాళ్ళేనా, కాదా?"

"మా ఆస్పత్రివాళ్ళేంటి? మీవాళ్ళు కదా!"

"మావాళ్ళు ఎర్ర టోపీలు పెట్టుకుంటారా?"

"ఎంత మర్యాద చేశానే! ఉతికిన తువ్వాలు కూడా ఇచ్చాను! మీ మేనమామకి ఫ్యాను వేశాను!"

"మా మామయ్య పోయి నాలుగేళ్ళయింది!"

ఇద్దరూ ఒకేసారి తలెత్తి "మరుగుదొడ్డి" అన్న బోర్డు వైపు చూశారు. తర్వాత ఆవిడ ఆయనవైపు చూశారు. ఆయన నేలవైపు చూశారు.

"ముందు ఆ బాణాలు పీకండి," అన్నారావిడ. ఏడాది శిక్ష ఆవిడ మీద పడాల్సినా, ఆ నిమిషంలో ఎవరు ఎవరి మాట వినాలో ఇద్దరికీ సందేహం లేకపోయింది.

సూపరింటెండెంటుగారు గోడ దూకి పరుగెత్తారు. సందు మొదట్లో బాణం తేలిగ్గానే ఊడింది. బీచిరోడ్డు మలుపులోది మొండికేసింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపుతుంటే భుజం మీద ఒక బరువైన చెయ్యి పడింది.

"ప్రభుత్వ ఆస్తి పీకేస్తున్నావేంటయ్యా? చూస్తే పెద్దమనిషిలా ఉన్నావు!"

పొద్దున్న కర్టెనుకి చేతులు తుడుచుకున్న పెద్దమనిషే. పక్కన ఇద్దరు స్నేహితులు. "ఇది నాదండీ, నేనే పెట్టాను, ఇల్లు నాదండీ," అని సూపరింటెండెంటుగారు మొత్తుకున్నారు. పట్టుబడ్డవాళ్ళందరూ అలాగే అంటారని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. చంకలో ఒక బాణంతో, చేతిలో ఒక బాణంతో, రెండువైపులా ఇద్దరు పట్టుకోగా ఆయన తన కొత్త ఇంటికి బయల్దేరారు.

"అక్కడ ఎవరో ఇన్‌చార్జి ఉంటారుగా, ఆయనకి అప్పజెబుదాం," అన్నారు పెద్దమనిషి.

సందు మధ్యకి వచ్చేసరికి సూపరింటెండెంటుగారి కాళ్ళు ఆగిపోయాయి. ఇంటిలోంచి ఒక గొంతు వినిపిస్తోంది.

"ఎర్ర టోపీలు గోడవైపు! కాళ్ళు కడుక్కునేవాళ్ళు కుడివైపు! ఆ కళ్ళజోడాయన, మీరు ఇందాకే వెళ్ళొచ్చారు, నేను చూశాను. ఆ పసిపిల్లని ముందుకి పంపండి, దాని మొహం చూస్తే తెలియట్లా ఆగలేదని? పని అయినవాళ్ళు వంటింటి పక్కనుంచి బయటికి, వచ్చిన దారినే వెళ్ళకండి!"

ఏడాదిన్నరగా ఆయన ఆ గొంతు వినలేదు. ఒకప్పుడు పండుగ రద్దీలో నలభై బస్సుల హారన్ల మీద నుంచి వినిపించిన గొంతు. ఆయన రోడ్డు మధ్యలోనే వెక్కివెక్కి ఏడ్చేశారు. పట్టుకున్నవాళ్ళు అది పశ్చాత్తాపమనుకుని పట్టు కొంచెం వదులు చేశారు.

జరిగింది ఇదీ. అక్కగారు పదినిమిషాలు ముందే వచ్చారు. తమ్ముడు బాణంతో కుస్తీ పడుతుండగా ఆయన వెనకగా సందులోకి తిరిగిన ఆటో, బస్సు అడ్డంగా ఉండి గేటు దాకా రాలేకపోయింది. సంచీ పట్టుకుని నడిచి వస్తే, "వరుసలో రావాలమ్మా," అని ఎవరో చెప్పారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి కనుక, మాట్లాడకుండా తన సొంత ఇంటి ముందు వరుసలో చివరన నిలబడ్డారు. పదిహేను మంది తర్వాత ఆవిడ. నాలుగు నిమిషాలు ఓపిక పట్టారు. అప్పుడు ఒకాయన పసిపిల్లని తోసుకుని ముందుకి దూరాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఇక ఊరుకోలేదు.

పెద్దమనిషి సూపరింటెండెంటుగారిని ఆవిడ ముందు నిలబెట్టారు. "మేడమ్, ఇతను మీ బోర్డులు పీకుతుంటే పట్టుకున్నాం."

అక్కగారు తమ్ముణ్ణి ఎగాదిగా చూశారు. ఊడిన బొత్తాలు, చంకలో బాణం, చెంపల మీద కన్నీళ్ళు.

"వదిలేయండి. మా మనిషే," అన్నారు. తర్వాత తమ్ముడితో, "ఆ బాణాలు తీసిన చోట పెట్టి రా. దారి తెలియక జనం పక్కిళ్ళలోకి దూరుతున్నారు."

మూడింటికి బస్సు వెళ్ళిపోయింది. డ్రైవరుని నలుగురు కలిసి లేపవలసి వచ్చింది. పెరడంతా బురద, వరండా అంతా ఇసుక. పదకొండు కర్టెన్లలో పొడిగా మిగిలింది ఒక్కటే. ముగ్గురూ వంటింట్లో నేలమీద కూర్చుని చల్లారిపోయిన అన్నం తిన్నారు. అక్కగారు రెండోసారి పెట్టమన్నారు. ఆవిడ అడిగి పెట్టించుకోవడం ఇల్లాలు గమనించారు గానీ, దిష్టి తగులుతుందని పైకి అనలేదు.

సూపరింటెండెంటుగారు చేయి కడుక్కోకుండా కూర్చున్నారు. "తప్పయిపోయింది అక్కా. ఈగ వాలదని మాటిచ్చాను. ఊరు ఊరంతా వాలింది. నీకు జనం పడదని తెలిసీ... ఆటోవాణ్ణి నాలుగున్నరకి రమ్మన్నాను. ఇల్లు సంగతి నువ్వు అన్నట్టే చేద్దాం."

"ఎందుకు రమ్మన్నావు?"

"రైలుకి."

అక్కగారు తలవంచుకుని కంచంలో గీతలు గీశారు. గొంతు మళ్ళీ తగ్గిపోతుందేమోనని ఇల్లాలికి భయం వేసింది.

"నాకు జనం పడదని చెప్పింది నిజమేరా. మీ బావ పోయిన దగ్గర్నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, నా మొహంలోకి చూసేవాళ్ళు. నన్ను చూసి జాలిపడటానికి వచ్చేవాళ్ళు. పొద్దున్న లేస్తే అదే భయం, ఇవాళ ఎవరొస్తారో అని. వీళ్ళు కాళ్ళు కడుక్కోడానికి వచ్చారు. ఒక్కళ్ళయినా నా మొహం చూశారా? ఎప్పుడు మా వంతు, ఎటు వెళ్ళాలి, ఇదే గొడవ. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను."

ఇల్లాలు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"మీ బావ ఉంటే పొద్దుటినుంచి నవ్వుతూనే ఉండేవాడు," అన్నారు అక్కగారు, తానూ నవ్వుతూ, ఏడుస్తూ. తర్వాత ముక్కు తుడుచుకుని లేచారు. "ఆటోవాణ్ణి వద్దను. రేపు ఆదివారం, ఇవాళ్టికి రెట్టింపు వస్తారు. గేటు పక్కనే ఇంకో కుళాయి పెట్టిస్తే సగం రద్దీ బయటే పోతుంది. ప్లంబర్ని ఇవాళే పట్టుకో. అమ్మాయ్, పాత గుడ్డలుంటే నాలుగు తువ్వాళ్ళు కుట్టు, నీ కర్టెన్లు బతుకుతాయి. పొద్దున్నే ఆరింటినుంచి నంబర్లు ఇద్దాం, లేకపోతే కొట్టుకుచస్తారు."

"ఎన్ని రోజులుంటావక్కా?" అని భయంభయంగా అడిగారు తమ్ముడుగారు.

"ఎన్ని రోజులేంటి? సగం ఇల్లు నాది కాదట్రా?" అని అక్కగారు చీపురు కోసం వెతుకుతూ వెళ్ళిపోయారు.

మర్నాడు ఉదయం ఆరున్నరకి సూపరింటెండెంటుగారు భుజాన తువ్వాలు వేసుకుని, మనసు నిండుగా, ఈల వేస్తూ పెరట్లోకి వెళ్ళి తన సొంత స్నానాలగది ముందు నిలబడ్డారు. ఆయనది పదిహేడో నంబరు.